హాలీ, కల్దార్ నడుమ ఒక దేశం

నూరు కల్దార్ రూపాయలకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు. ఈ లెక్క నోటికి రానివాళ్లు ఒకప్పుడు నిజామాబాద్ గంజ్‌లో వ్యాపారం చేయలేకపోయేవాళ్లు. హాలీ అంటే నిజాం సర్కారు టంకశాలలో పుట్టిన సిక్కా. దాని మీద చార్మినార్ బొమ్మ ఉండేది. కల్దార్ అంటే ఇంగ్లీషువాళ్ల రూపాయి. ఇక్కడ మీటర్‌గేజ్ బండెక్కి మన్మాడ్‌లో దిగేసరికి కొంగున కట్టుకున్న రూపాయి చెల్లని కాసు అయిపోయేది. మార్చుకోవాలి, బట్టా ఇచ్చుకోవాలి. మన్మాడ్ బొంబాయి రాష్ట్రం. మనది వేరే సర్కారు.

వేరే సర్కారా, వేరే దేశమా? 1947 ఆగస్టు 15 నుంచి 1948 సెప్టెంబర్ 17 దాకా, పదమూడు నెలల పాటు, ఈ ప్రశ్నకు హైదరాబాద్‌లో ఒక జవాబు, ఢిల్లీలో ఒక జవాబు ఉండేది. మూడో జవాబు నిజామాబాద్ ఖిల్లా మీది జైల్లో, గోడల మీద బొగ్గుతో రాసి ఉండేది.

ఈ కథను చెప్పేవాళ్లు సాధారణంగా నిజాం ఉండే కింగ్‌కోఠీ నుంచి గానీ, ఢిల్లీలో సర్దార్ పటేల్ గారి కచేరీ నుంచి గానీ మొదలుపెడతారు. ఇందూరు అనే ఈ నిజామాబాద్ నుంచి, బోధన్ నుంచి చూస్తే మరికొంత కనిపిస్తుంది. తనను తాను దేశమనుకున్న ఆ సర్కారు తన ఘనత చాటుకోవడానికి ఏం చూపించాలన్నా ఈ జిల్లాకే రావాలి. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఇక్కడే ఉంది. అలీ నవాజ్ జంగ్ అనే మన ఇంజనీరు పర్యవేక్షణలో కట్టిన ఆనకట్ట అది, 2.75 లక్షల ఎకరాలకు నీళ్లిస్తుందని లెక్క కట్టారు. నీళ్లొచ్చాక వరి వచ్చింది, చెరుకు వచ్చింది. చెరుకు వచ్చాక 1937-38లో బోధన్ శివారున నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. దాని చుట్టూ వెలిసిన ఊరు శక్కర్‌నగర్. ఆసియాలోనే పెద్ద చక్కెర మిల్లు అని ఈ ప్రాంతం పిల్లలు ఎక్కాలతో పాటు నేర్చుకున్నారు. ఇటువంటి పరిశ్రమలకు పెట్టుబడి పెట్టడానికి సర్కారు 1929లోనే పారిశ్రామిక ట్రస్టు నిధి ఒకటి పెట్టింది. రైలు, తపాలా బిళ్ల, విమానాల కంపెనీ, రేడియో, ఉర్దూలో డిగ్రీలిచ్చే విశ్వవిద్యాలయం అన్నీ సొంతం. 82 వేల చదరపు మైళ్ల నేల, 1941 జనగణన ప్రకారం కోటీ 63 లక్షల మంది జనం. యూరప్‌లో ఇంతకన్నా చిన్న రాజ్యాలు ఐక్యరాజ్యసమితిలో దర్జాగా కూర్చున్నాయి.

అందుకే 1947 జూన్ రెండో వారంలో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా ఇచ్చినప్పుడు అది మరీ పిచ్చిమాటలా వినిపించలేదు. ఇంగ్లీషువాళ్లు వెళ్లిపోతే వాళ్లకు మా మీదున్న పెత్తనమూ పోతుంది, భారత్‌లోనూ చేరం, పాకిస్తాన్‌లోనూ చేరం, మా స్వతంత్రత మాకు తిరిగొస్తుంది అన్నది దాని సారం. చట్టం మాట ప్రకారం చూస్తే వాదనలో పస ఉంది. బ్రిటిష్ పార్లమెంటు చేసిన భారత స్వాతంత్ర్య చట్టం 7వ సెక్షన్ సంస్థానాల మీది సార్వభౌమాధికారం రద్దయిందనే చెప్పింది. తిరువాన్కూరు దివాన్ సర్ సి.పి. రామస్వామి అయ్యరూ అదే వాదన ఎత్తుకున్నారు. జూలైలో ఆయన మీద కత్తిదాడి జరిగింది, ఆ తర్వాత తిరువాన్కూరు దారికొచ్చింది. నిజాం రాలేదు.

అయితే ఈ కోరిక చట్టంలో పుట్టింది కాదు, పాత అవమానంలో పుట్టింది. ఇంగ్లీషువాళ్ల చేతికి పోయిన బేరార్‌ను తిరిగిమ్మని అడుగుతూ తాను బ్రిటిష్ ప్రభుత్వంతో సమానుడినన్నట్టు నిజాం ఉత్తరాలు రాస్తే, 1926 మార్చిలో వైస్రాయ్ రీడింగ్ ఘాటుగా బదులిచ్చాడు. హిందూదేశంలో ఏ సంస్థానాధీశుడూ బ్రిటిష్ ప్రభుత్వంతో సరిసమానంగా బేరమాడలేడన్నది ఆ జవాబు తాత్పర్యం. ‘యారే వఫాదార్’ బిరుదు ఇచ్చిన చేతితోనే ఆ చెంపదెబ్బ. ఇరవై ఏళ్లు ఆ మంట ఆరలేదనుకోవాలి.

దేశానికి ఏం కావాలన్నది అప్పటికే ప్రపంచం ఒక చోట రాసుకుంది. 1933 మాంటెవిడియో ఒప్పందంలో నాలుగు షరతులున్నాయి: స్థిరంగా ఉండే జనం, హద్దులున్న నేల, ఒక ప్రభుత్వం, ఇతర దేశాలతో సంబంధాలు నెరిపే శక్తి. మొదటి మూడింటికీ హైదరాబాద్ తడుముకోనక్కర్లేదు. నాలుగోదే చిక్కు. సముద్రం లేదు. నాలుగు వైపులా భారతదేశమే. బయటి దేశానికి మనిషి వెళ్లాలన్నా, ఉత్తరం వెళ్లాలన్నా ఎవరితో తగవో వాళ్ల నేల మీదుగానో వాళ్ల ఆకాశం మీదుగానో వెళ్లాలి. ఒక రేవన్నా చేతికొస్తే బాగుండునని గోవాలోని మార్మగోవా కోసం పోర్చుగల్‌తో మంతనాలు నడిపారు. అవి తేలలేదు.

ఈ జిల్లావాళ్లకు ఒక సంగతి గుర్తు చేయాలి. ఇవాళ బోధన్ నుంచి బిలోలి దారిలో సాలూర దాటి మంజీర వంతెన ఎక్కితే మహారాష్ట్ర వస్తుంది. అప్పుడు అక్కడ సరిహద్దు లేదు. నాందేడ్ కూడా నిజాం జిల్లానే. నిజామాబాద్ ఆ రాజ్యానికి నట్టిల్లు. అందుకే నిర్బంధంలో పెట్టాల్సిన మనుషులను ఇక్కడికి తెచ్చి పెట్టడం సర్కారుకు సులువైంది.

ప్రభుత్వం సంగతికొస్తే, పేరుకు మంత్రివర్గం ఉంది. 1919 నుంచీ ‘బాబె హుకూమత్’ అనే కార్యనిర్వాహక మండలి ఉంది. దాని అధ్యక్షుడే ప్రధానమంత్రి. ఎన్నుకున్నది జనం కాదు, నియమించింది ప్రభువు. 1947లో ఆ కుర్చీలో ఛత్తారీ నవాబు ఉన్నారు. లండన్ నుంచి రప్పించిన సర్ వాల్టర్ మాంక్‌టన్ న్యాయ సలహాదారు. వీళ్లు ఢిల్లీతో కుదుర్చుకున్న ముసాయిదా మీద సంతకానికి బయల్దేరబోతుండగా అక్టోబర్ 27 తెల్లవారుజామున ఖాసిం రజ్వీ నడిపే సాయుధ దళం రజాకార్ల గుంపులు వాళ్ల ఇళ్లను చుట్టుముట్టి కదలనివ్వలేదు. ఒక దేశపు ప్రధానమంత్రి తన ఇంటి గడప దాటలేకపోయాడు. ఎవరి చేతిలో సర్కారుందో ఆ రాత్రి తేలిపోయింది. ఛత్తారీ రాజీనామా చేశారు. నవంబర్ 29న యథాతథ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. రక్షణ, విదేశాంగం, రాకపోకలు ఇంగ్లీషువాళ్ల కాలంలో ఎలా ఉన్నాయో అలాగే ఏడాది పాటు ఉంటాయన్నది దాని సారం.

కొత్త ప్రధాని మీర్ లాయిక్ అలీ ఇంజనీరు, పారిశ్రామికవేత్త. ఆయన మంత్రివర్గం కూర్పు చూడండి. ఉపప్రధాని పింగళి వెంకటరామారెడ్డి. విద్యామంత్రి దళిత నాయకుడు బి.ఎస్. వెంకట్రావు. బయటివాళ్లకు చూపించుకోవడానికి అన్ని వర్గాలూ ఉన్నాయి. కానీ మంత్రుల్లో ఒకరైన జె.వి. జోషి రజాకార్ల అకృత్యాలను తట్టుకోలేక రాజీనామా చేసి బయటికొచ్చారు. పెత్తనం ఖాసిం రజ్వీదని కాబినెట్‌లో కూర్చున్నవాళ్లకే తెలుసు.

యథాతథ ఒప్పందంలో ఒక చమత్కారం ఉంది. ఢిల్లీ తరఫున హైదరాబాద్‌లో, హైదరాబాద్ తరఫున ఢిల్లీలో ఒక్కో ఏజెంట్ జనరల్ ఉండాలి. రాయబారి అనే మాట ఎవరూ వాడలేదు, రాయబారం మాత్రం నడిచింది. అటునుంచి గుజరాతీ నవలాకారుడు కె.ఎం. మున్షీ వచ్చి బొల్లారంలో మకాం పెట్టారు. ఇటునుంచి ఢిల్లీకి జైన్ యార్ జంగ్ వెళ్లారు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ కట్టడంతో పేరు ముడిపడిన ఆర్కిటెక్టు ఆయన. నవలలు రాసేవాడొకరు, భవనాలు గీసేవాడొకరు. ఇద్దరిలో ఎవరికీ తాము కట్టాల్సిన వంతెనకు రెండో ఒడ్డు కనిపించలేదు.

సిరా ఆరకముందే హైదరాబాద్ సర్కారు నుంచి రెండు ఆర్డినెన్సులు వచ్చాయి. బంగారం, వెండి వంటివి బయటికి పోకుండా ఒకటి. భారత రూపాయి హైదరాబాద్‌లో చెల్లదంటూ మరొకటి. మొదట చెప్పుకున్న కల్దార్ లెక్క ఇక్కడ రాజకీయమైపోయింది. దానికి తోడు పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల అప్పు, అదీ భారత ప్రభుత్వ సెక్యూరిటీల రూపంలో. ఢిల్లీని అడగకుండా కరాచీలో ఒక ప్రజాసంబంధాల అధికారి నియామకం. లండన్‌లో మీర్ నవాజ్ జంగ్ అనే ఏజెంట్ జనరల్. హైదరాబాద్‌లో విదేశాంగ శాఖ, దానికో సెక్రటరీ జనరల్. ఒప్పందంలో విదేశీ వ్యవహారాలు ఢిల్లీవని రాసుకున్నారు, చేతల్లో అవి హైదరాబాద్‌వి.

ఢిల్లీ కూడా ఊరుకోలేదు. సరుకుల రాకపోకలను బిగించింది. రాజ్యంలోకి రావాల్సిన మందులు, ఉప్పు, ఇంధనం తగ్గిపోయాయి. దానికి బదులుగా రాత్రివేళ ఆకాశం నుంచి మరో సరుకు దిగింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానికుడు కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో ఆయుధాలు నింపుకొచ్చి బీదర్, వరంగల్ రన్‌వేల మీద దించేవాడు. తర్వాత ఇంగ్లండులో ఆయన మీద కేసు నడిచింది, 200 పౌన్ల జరిమానా పడింది. ఒక దేశపు రక్షణ శాఖ చేయాల్సిన పనిని ఒక కిరాయి పైలెట్ చేశాడన్నమాట.

ఇప్పుడు ఖిల్లాకు వద్దాం. నిజామాబాద్‌లో రఘునాథాలయం ఉన్న గుట్ట మీద కోటలోనే అప్పటి జైలు. కవి దాశరథి కృష్ణమాచార్యను వరంగల్ జైలు నుంచి ఇక్కడికి తెచ్చి పెట్టారు. వట్టికోట ఆళ్వారుస్వామి కూడా ఇక్కడే ఖైదీ. పళ్లు తోముకోవడానికిచ్చిన బొగ్గుతో దాశరథి గోడల మీద నిజాంను తిడుతూ పద్యాలు రాసేవారు. జైలువాళ్లు చెరిపేసేవారు, ఆయన మళ్లీ రాసేవారు. 1949లో వచ్చిన తన ‘అగ్నిధార’ను దాశరథి ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు. ఎవరూ దేశంగా ఒప్పుకోని రాజ్యాన్ని లోపలి మనిషి ఒప్పుకోకపోతే ఏమవుతుందో ఆ గోడ మీద ఉంది. పారిస్‌లో భద్రతా మండలి ఓట్లు లెక్కపెట్టేవాళ్లకు ఆ గోడ కనిపించదు.

ఈ ఊళ్లో ఆ నిరాకరణ 1948లో మొదలైంది కాదు. 1937లో ఆరో ఆంధ్ర మహాసభ జరిగింది నిజామాబాద్‌లోనే, మందుముల నరసింగరావు అధ్యక్షతన. నాలుగు మాటలు మాట్లాడుకోవడానికి జనం ఒకచోట కూడాలన్నా ముందుగా అనుమతి తెచ్చుకోవాలని చెప్పే ‘గస్తీ నిషాన్ 53’ అప్పటికే అమల్లో ఉంది. మరుసటి ఏడు స్టేట్ కాంగ్రెస్‌ను పుట్టకముందే నిషేధించారు. బోధన్‌లో చక్కెర మిల్లు చిమ్నీ లేస్తున్న రోజుల్లోనే, పాతిక కిలోమీటర్ల ఇవతల, ఈ సభ. మిల్లుకు పర్మిట్ దొరికింది, సభకు దొరకడమే కష్టం. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకపోతే నిజాం రాజ్యం అర్థం కాదనే నేననుకుంటాను. నిజాంను కొలిచేవాళ్లకు మిల్లే కనిపిస్తుంది, తిట్టేవాళ్లకు జైలే కనిపిస్తుంది. బోధన్ రైతు మిల్లు నీడలోనే బతికాడు, ఆ రైతు బంధువుల్లో ఎవరో ఒకరు జైలుకూ పోయారు.

నిజాం కరెన్సీ నోటు మీద తెలుగు ఉండేది. ఉర్దూ, మరాఠీ, కన్నడాలతో పాటు. డబ్బు లెక్కకు మన భాష పనికొచ్చింది, పాలనకు పనికిరాలేదు. దరఖాస్తు ఉర్దూలో, తీర్పు ఉర్దూలో, బడి ఉర్దూలో. నూటికి దాదాపు సగం మంది తెలుగువాళ్లున్న రాజ్యమది.

1948 ఆగస్టు 21న హైదరాబాద్ విదేశాంగ శాఖ సెక్రటరీ జనరల్ జహీర్ అహ్మద్ భద్రతా మండలి అధ్యక్షుడికి తంతి పంపారు. ఐక్యరాజ్యసమితి నిబంధనావళి 35వ అధికరణం రెండో క్లాజు ప్రకారం సభ్యత్వం లేని ‘రాజ్యం’ కూడా తగవు తెచ్చి మండలి ముందు పెట్టవచ్చు. ఆ ‘రాజ్యం’ అనే మాట దగ్గరే అంతా ఆగింది. హైదరాబాద్ రాజ్యమైతే అర్జీ చెల్లుతుంది, కాకపోతే అది ఒక దేశం ఇంటి గొడవ. అర్జీ విన్నాక తేల్చాల్సిన ప్రశ్నకు జవాబు ముందే తెలిస్తే తప్ప అర్జీ వినడానికి లేదు.

ప్రతినిధివర్గం కరాచీ మీదుగా వెళ్లింది. నాయకుడు మొయిన్ నవాజ్ జంగ్, లాయిక్ అలీకి బావమరిది వరస. దళిత నాయకుడు శ్యాంసుందర్ కూడా ఆ బృందంలో ఉన్నారు. సెప్టెంబర్ 16న పారిస్‌లో మండలి సమావేశమైంది. అధ్యక్ష స్థానంలో బ్రిటన్ ప్రతినిధి సర్ అలెగ్జాండర్ కాడొగన్. విషయాన్ని చర్చకు తీసుకోవాలని 8 ఓట్లు, వద్దని ఒక్కటీ లేదు. చైనా, సోవియట్ రష్యా, ఉక్రెయిన్ తటస్థంగా ఉండిపోయాయి. భారత్ తరఫున సర్ ఎ. రామస్వామి ముదలియార్ లేచి, హైదరాబాద్‌కు మండలి ముందుకొచ్చే అర్హతే లేదన్నారు. మొయిన్ నవాజ్ జంగ్ తన దేశం మీద దాడి జరుగుతోందని చెప్పారు. జరుగుతోంది కూడా. 13వ తేదీన షోలాపూర్ వైపు నుంచి నల్‌దుర్గ్ మీదుగా, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి సేనలు, విజయవాడ వైపు నుంచి మునగాల మీదుగా మరో సేన ప్రవేశించాయి. పారిస్‌లో ఓట్లు లెక్కపెడుతున్న రోజే తెల్లవారగానే ఒక దండు జహీరాబాద్ వైపు కదిలింది.

సెప్టెంబర్ 17 సాయంత్రం నిజాం రేడియోలో మాట్లాడారు. లొంగుబాటు అయిపోయింది. 22న భద్రతా మండలికి ఆయన సంతకంతో మరో తంతి వెళ్లింది, అర్జీని ఉపసంహరించుకుంటున్నామని. అర్జీ ఇచ్చినవాడే వద్దన్నా ఫైలు మూతపడలేదు. 1949 మే 24న పాకిస్తాన్ తరఫున జఫ్రుల్లా ఖాన్ మాట్లాడిన తర్వాత మండలి మళ్లీ దీన్ని చర్చించలేదు, కానీ ‘హైదరాబాద్ ప్రశ్న’ దశాబ్దాల పాటు ఆ మండలి పెండింగ్ జాబితాలో పేరుగా మిగిలింది. సర్కారీ ఫైళ్ల సంగతి మనకు కొత్తా!

సైన్యం రాక తర్వాత జరిగిన హత్యలను దాటేసి వెళ్లడం సబబు కాదు. పండిట్ సుందర్‌లాల్ కమిటీ తిరిగి చూసి రాసిన నివేదిక చాలాకాలం బయటికి రాలేదు. 2013లో అందుబాటులోకొచ్చిన దానిలో 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారన్న అంచనా ఉంది. అత్యధికంగా దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. మంజీర అవతలి ఒడ్డు. రజాకార్లు చంపిన ఊళ్ల పేర్లు చెప్పే మనం వాటి తర్వాత చచ్చిన ఊళ్ల పేర్లు తలుచుకోవడం తక్కువ.

ఇక ఆ దేశపు విదేశీ సంబంధాల్లో అతి పొడవుగా సాగింది రాయబారం కాదు, బ్యాంకు ఖాతా. లొంగుబాటు జరిగి మూడు రోజులయ్యాక, సెప్టెంబర్ 20న, లండన్ వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులోని హైదరాబాద్ సర్కారు ఖాతా నుంచి 10,07,940 పౌన్ల 9 షిల్లింగులు పాకిస్తాన్ హైకమిషనర్ హబీబ్ ఇబ్రహీం రహీంతులా పేరుకు మారాయి. వారం తిరిగేసరికి నిజాం తన అనుమతి లేదనీ, సొమ్ము వెనక్కివ్వమనీ అడిగారు. బ్యాంకు ఇటూ ఇవ్వలేదు, అటూ ఇవ్వలేదు. కేసు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళితే 1957లో వాళ్లు చెప్పిందేమిటంటే, పాకిస్తాన్ సార్వభౌమ దేశం, దాన్ని మా కోర్టులోకి లాగలేం అని. సార్వభౌముణ్ని అని ఫర్మానా ఇచ్చుకున్న నిజాం తన డబ్బు పోగొట్టుకున్నది ఇంకొకరి సార్వభౌమత్వం చేతిలో. 2013లో పాకిస్తాన్ తానే దావా వేసి ఆ రక్షణను వదులుకున్నాక కథ మళ్లీ కదిలింది. 2019 అక్టోబర్ 2న జస్టిస్ మార్కస్ స్మిత్ తీర్పు భారత్‌కూ, నిజాం వారసులకూ అనుకూలంగా వచ్చింది. వడ్డీలతో ఆ మొత్తం అప్పటికి మూడున్నర కోట్ల పౌన్లు. లాయిక్ అలీ మాత్రం గృహనిర్బంధంలోంచి 1950లోనే తప్పించుకుని పాకిస్తాన్ చేరారు. తన కోణంలో పుస్తకం రాసుకున్నారు, 1971లో న్యూయార్క్‌లో చనిపోయారు.

ఈ పదమూడు నెలల వంటి రోజులు ఇప్పటికీ కొందరు గడుపుతున్నారు. సోమాలీలాండ్‌కు సొంత నాణెం, సొంత ఎన్నికలు ఉన్నాయి. ట్రాన్స్‌నిస్ట్రియా తన సొంత రూబుల్ నడుపుకుంటుంది, దాని హద్దు దాటితే ఆ నోటు బొమ్మల కాగితం. హాలీ రూపాయి మన్మాడ్‌లో పడిన పాటు అదే. ఒక తేడా. సోమాలీలాండ్ సర్కారు తన జనాన్ని ఓటు అడిగింది. ఉస్మాన్ అలీ ఖాన్ ఆ పని చేయలేదు.

సెప్టెంబర్ 17కు ఒక పేరు పెట్టడంలోనూ మనకు ఏకాభిప్రాయం కుదరలేదు. విమోచనం అన్నారు, విలీనం అన్నారు, సమైక్యత అన్నారు, ప్రజాపాలన అన్నారు. ఏ పార్టీ కుర్చీలో ఉంటే ఆ పేరు. బోధన్ వైపు పాతవాళ్ల నోట వినిపించేది ‘పోలీస్ యాక్షన్’ అనే. ఫలానావాడు పోలీస్ యాక్షన్ ముందు పుట్టాడు, ఫలానా బావి పోలీస్ యాక్షన్ తర్వాత తవ్వింది. ఏ సర్కారు పంచాంగంలోనూ లేని శకం అది.

చక్కెర మిల్లుకు నిజాం పేరు రాజ్యం పోయాకా మిగిలింది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయినప్పుడు కూడా కొత్త కంపెనీ పేరు నిజాం దక్కన్ షుగర్స్ అయింది. 2015 డిసెంబర్‌లో మూతపడింది. తెరిపిస్తామని ఎన్నికల్లో ప్రతిసారీ ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు. శక్కర్‌నగర్‌లో శక్కర్ లేదు. చెరుకు వేసే రైతులు తగ్గి, వేసినవాళ్లు దూరపు మిల్లుల కాటా దగ్గర వరసలో నిలబడుతున్నారు.

ఆ రాజ్యం ఇంకా అధికారికంగా నడుస్తున్న చోటు ఒకటుంది. నిజామాబాద్ జిల్లాలో భూమి తగవు తేలాలంటే తహసీల్ ఆఫీసులో ఇప్పటికీ అడిగేది సేత్వార్. నిజాం సర్కారు సర్వే చేసి, ఉర్దూలో రాసి, ఎకరాలు గుంటలు లెక్కగట్టిన కాగితం. దాని తర్వాతే 1954-55 ఖాస్రా పహాణీ. పెళ్లలు రాలిపోతున్న ఆ కాగితాన్ని చదివిపెట్టడానికి ఉర్దూ వచ్చిన పెద్దాయన ఒకరు ఉండాలి. ఆయన చెప్పిన సర్వే నంబర్ మీద ఇవాళ్టి కోర్టు నడుస్తుంది.